ఆకాశాన్ని కడిగిన గుడ్డ

సూట్‌కేసు జిప్పు సగానికొచ్చి మొరాయించింది. సోనీ దాని మీద మోకాలేసి నొక్కింది. లోపల ఉన్నవి సిరి గౌన్లు, మందులు, ఒక దువ్వెన. అంత కాస్త సామానుకి జిప్పు పడకపోవడం విడ్డూరమే. తప్పు సూట్‌కేసుది కాదు, సోనీ తొందరది.

అత్తగారు అప్పాయమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నిన్ను ఆపడానికి నిలబడ్నేదు. గాలి కోసం నిలబడ్డాను," అంది, ఎవరూ అడక్కుండానే.

"గాలి మాట ఎత్తకండి అత్తమ్మా."

నిన్న విశాఖపట్నం పెద్ద డాక్టరు దగ్గర్నుంచి వచ్చినప్పటినుంచీ ఆ ఇంట్లో గాలి అనే మాట నోట్లోంచి రావడమే పాపమైపోయింది. నాలుగేళ్ల సిరి కడుపు పట్టుకుని ముడుచుకుపోతుంటే ఇన్నాళ్లూ నులిపురుగులన్నారు, దిష్టన్నారు, రక్తం తక్కువన్నారు. పెద్ద డాక్టరు ఆ మాటలన్నీ కొట్టిపారేశాడు. పిల్ల ఒంట్లో సీసం చేరిందన్నాడు. అది ఎక్కణ్ణించి వస్తోందో పట్టుకుని ఆపండి, ఆపకపోతే మందులు చేసేదేమీ లేదు, పిల్ల బుర్ర ఇక్కడే ఆగిపోతుందన్నాడు.

సీసం అనగానే సోనీ చూపు ఒక్కచోటికే పోయింది. కశింకోట రోడ్డులో పాత బ్యాటరీలు కరిగించి కడ్డీలు పోసే కంపెనీ ఉంది. అనకాపల్లిలో అందరూ దాన్ని సీసం కంపెనీ అనే అంటారు. ఈ ఇంటి పెరట్లో నిలబడితే దాని గొట్టం నిలువెల్లా కనబడుతుంది. సోనీ మొగుడు హనోకుకి ఉద్యోగం కూడా అందులోనే.

హనోకు అప్పుడే యూనిఫాం వేసుకుని వచ్చాడు. బొత్తాలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు.

"ఆ గొట్టంలోంచి పొగ రావడం ఈ మద్దిని సూసేవా? నిజం సెప్పు. సూసేవా?"

"లేదు."

"కొత్త కొలిమి ఎట్టేక పొగన్నదే నేదు. పొగంతా బ్యాగ్‌హౌస్ లోకి ఎల్లిపోద్ది. అక్కడ పెద్ద పెద్ద గుడ్డ సంచులుంటాయి. వాటిలో వడకట్టుకుని మంచి గాలే బయటికి పోద్ది. ఆ బ్యాగ్‌హౌస్ సూసుకునేది నాను. నాకు తెలీదేటి?"

"మరి పిల్ల ఒంట్లోకి ఎలా వచ్చింది?"

హనోకు బొత్తాలు విప్పి మళ్లీ పెట్టుకోవడం మొదలెట్టాడు.

"మిమ్మల్నే అడుగుతున్నాను. ఎలా వచ్చింది? వేసవిలో మాడుగుల తీసుకెళ్తే అమ్మావాళ్లింట్లో లేడిపిల్లలా తిరిగింది. హల్వా కావాలని పేచీ పెట్టి మరీ తింది. ఇక్కడికొచ్చి నెల తిరక్కుండా మళ్లీ మంచమెక్కింది. ఇంకేం రుజువు కావాలండీ మీకు?"

"నాను రోజూ దాని ముందే నిలబడతన్నాను. నాకేం రానేదే?"

"మీ రక్తం ఎప్పుడైనా చూపించుకున్నారా?"

వంటింట్లో కుక్కరు ఒక్క కూత కూసి ఊరుకుంది.

అప్పాయమ్మ ఇక ఊరుకోలేకపోయింది. కోడలి మణికట్టు పట్టుకుని పెరట్లోకి లాక్కుపోయింది. తీగ మీద ఆమె ఆదివారపు చీర ఆరుతోంది. గుడికి కట్టుకెళ్లే తెల్ల చీర. పాత కొలిమి రోజుల్లో ఆ వీధిలో తెల్లబట్ట ఎవరూ బయట ఆరేసేవారు కాదు. ఆరేస్తే సాయంత్రానికి బూడిద రంగు తిరిగేది. వంటింట్లో పొయ్యి పైన దండెం కట్టుకుని, అందరి ఆదివారపు బట్టలూ తాలింపు వాసన కొట్టేవి. పాస్టరుగారు ఒకసారి ప్రసంగం మధ్యలో ఆగి ముక్కు ఎగబీల్చి, ఇవాళ ఎవరింట పులిహోరా అని అడిగారు కూడా.

"సూడు. కల్లెట్టుకుని సూడు. ఇది తెల్లగా ఉందా, నేదా?"

"ఉంది."

"మరి?"

"తెలుపు కనబడుతుంది అత్తమ్మా. సీసం కనబడదు."

అప్పాయమ్మకి కోపం నషాళానికంటింది. ఈ గాలి కోసం ఆమె ఎన్ని ప్రార్థనలు చేసిందో ఈ పిల్లకేం తెలుసు? కోపంలో మనిషికి ముందు దొరికేది ఎదుటివాళ్ల పుట్టిల్లే గనుక ఆమెకీ అదే దొరికింది.

"మీ మాడుగుల హల్వా సుట్టిన కాయితాల్లో ఉందేమో, అదీ అడగాల్సింది డాక్టర్ని! ఇల్లు దాటి ఎక్కడికో సూత్తావు గానీ, పిల్లకి తిండెట్టడం సేతనైందా నీకు? బొంత కొసలు నముల్తోంది గుంట. కడుపు నిండిన పిల్ల గుడ్డలు నమలతాదేటి?"

సోనీ మొహం తెల్లబోయింది. ఏడుస్తుందనుకుంది అప్పాయమ్మ. ఏడవలేదు. తీగ మీంచి సిరి చిన్న తువ్వాలు ఒకటి తీసి మడతపెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి జిప్పు పూర్తిగా పడిన చప్పుడు వినిపించింది.

హనోకు టిఫిను డబ్బా కూడా తీసుకోకుండా బండి స్టార్ట్ చేసుకుని పోయాడు.

*

బస్సుకి ఇంకా టైముంది. ఇంట్లో ఎవరికి ఎవరూ కానట్టు తిరుగుతున్నారు గనుక అప్పాయమ్మ వెళ్లి మనవరాలి పక్కన కూర్చుంది.

సిరి పెరటి అరుగు మీద బొంత పరుచుకుని వెల్లకిలా పడుకుని ఉంది. ఆ పిల్లకి ఈమధ్య పరుగులు లేవు. గంటలు గంటలు ఆకాశం చూస్తుంది. ఆకాశం కూడా చూసేవాళ్లు దొరికారని ముస్తాబయినట్టే ఉంటుంది. ఆ పూట నీలం ఎంత లేతగా ఉందంటే దాంతో చిన్నపిల్లల జుబ్బా కుట్టించుకోవచ్చు. దూరంగా బొజ్జన్నకొండ కాస్త గాలిలో తేలుతున్నట్టుంది.

"మామ్మా, కత సెప్పు."

"ఏ కత?"

"బొంత కత."

ఆ కథ ఇద్దరికీ కంఠతా వచ్చు. అయినా అప్పాయమ్మ ప్రతిసారీ కొత్తగా చెబుతుంది, సిరి ప్రతిసారీ కొత్తగా వింటుంది.

"అనగనగా మన ఊరి ఆకాశం మాసిపోయింది. ఎంత మాసిపోయిందంటే, పిట్టలు ఎగిరొచ్చి మన పెరట్లో వాలితే వాటి రెక్కలు మసి. సందమామ మొహం మసి. మీ తాత సొక్కా మసి."

"తాత మొహం?"

"తాత మొహం కూడా."

సిరి తాత వరప్రసాదరావు పాత కొలిమి దగ్గర పనిచేశాడు. ఎదురుగా మూత లేని మంట, నెత్తిన పొగ. చివరి రోజుల్లో మణికట్లు రెండూ వాలిపోయి, అన్నం ముద్ద భార్య కలిపి పెడితే తినేవాడు. అయినా హాస్యం మానలేదు. నోరెప్పుడూ తియ్యగా ఉంటోందే, బెల్లం ఊళ్లో పుట్టినందుకు నాకు కాణీ ఖర్చు లేకుండా బెల్లమే అనేవాడు. అతను పోయిన మరుసటి ఏడు కొత్త కొలిమి పెట్టారు. పొగ ఆగిన మొదటి సాయంత్రం వీధి వీధంతా బయటికొచ్చి నిలబడింది. ఎదురుగా కొండ కనబడింది. అక్కడ కొండ ఉందని పిల్లలకి అప్పుడే తెలిసింది. అప్పాయమ్మ అరుగు మీద కూలబడి, ఈ గాలి కాస్త ముందొస్తే ఏం పోయేది ప్రభువా అని భోరుమని ఏడ్చింది.

"తరవాత?" అంది సిరి.

"తరవాత మీ నాన్న కంపెనీవోలు సంచులు కుట్టించేరు. మనిషికి రెండింతల పొడుగు, మేజోళ్లలాగ. వాటిని వరసగా ఏలాడదీసేరు. మాసిన ఆకాశం వాటి లోపలికి ఎల్లింది, కడుక్కుంది, తెల్లగా బయటికొచ్చింది. ఆ సంచులు పాతబడిపోతే మీ నాన్న ఇంటికి తెచ్చేడు. నాను ఉతికి, బాగా ఎండబెట్టి, లోపల పొరేసి, నీకు బొంత కుట్టేను. ఆకాశాన్ని కడిగిన గుడ్డ ఇది. లోకంలో ఏ రాజు కూతురికీ నేదు."

కంపెనీ వాళ్లు ఆ పాత సంచుల్ని వెనక గోతిలో పూడ్చెయ్యమంటారు. హనోకుకి మనసొప్పలేదు. దళసరి గుడ్డ, మెత్తన, ఎంత ఉతికినా చిరగదు. తల్లి బొంతలు కుడుతుంది. వీధిలో ఏ ఇంట ఉయ్యాల కట్టినా, హిందువులైనా కిరస్తానీలైనా, అప్పాయమ్మ బొంత వెళ్లాల్సిందే. పాత చీరల మధ్య ఈ గుడ్డ పెట్టి కుట్టడం మొదలెట్టాక ఆమె బొంతలకి పేరు మరీ పెరిగింది. దేవుడి గుడిలో తెర ముట్టుకున్నట్టు ముట్టుకునేది ఆమె ఆ గుడ్డని. మొగుణ్ణి మింగిన పొగని ఆపిన గుడ్డ అది.

సిరి బొంత కొస నోట్లో పెట్టుకుంది.

"నమలకే. మీ అమ్మ సూత్తే మళ్లీ నా మీద పడతాది."

"తియ్యగుంటాది మామ్మా."

"బెల్లం ఊరి పిల్లవి గదా, నీకన్నీ తియ్యగానే ఉంటాయి," అని నవ్వి అప్పాయమ్మ ఆ కొసని నోట్లోంచి తీసింది.

సిరి కాసేపు ఆలోచించింది. ఆ పిల్ల ఆలోచిస్తే కనురెప్పలు సగం వాలిపోతాయి.

"మామ్మా, మరి మురికి ఏమయింది?"

"ఏ మురికి?"

"ఆకాశం మురికి."

"సంచిలో ఉండిపోయింది," అంది అప్పాయమ్మ. లోపల్నుంచి సోనీ పిలిచింది. ఆటో వచ్చేసింది.

*

ఆటోలో అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. మోకాళ్లు తగులుతున్నాయి, చూపులు తగలడం లేదు. మధ్యలో సిరి నిద్ర. బస్టాండులో మాడుగుల బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. సోనీ కిటికీ పక్కన కూర్చుంది. అప్పాయమ్మ కింద నిలబడి, మడతపెట్టిన బొంత గుండెకి హత్తుకుని ఉంది.

పొద్దుటి మాటలు వెనక్కి తీసుకోవాలని ఆమెకి ఉంది. అత్తగారి గొంతులో సారీ అనే మాటకి దారి వెయ్యలేదు ఎవరూ.

"ఆ ఇంటి వస్తువు ఏదీ ఒద్దత్తమ్మా," అంది సోనీ, ఆమె చేతుల్లోకి చూసి. "పిల్లకి నయమయ్యేదాకా నన్నొగ్గెయ్యండి."

"ఒద్దులే. ఏదీ ఒద్దు. ఇదొక్కటీ పట్టుకెల్లు. ఇది నేపోతే గుంట పడుకోదు."

"వేసవిలో పడుకుంది కదా."

"అప్పుడు ఎండలు. ఇప్పుడు మీ మాడుగుల కొండగాలి." అప్పాయమ్మ కిటికీ కమ్మీల్లోంచి బొంతని తోసింది. అది సగంలో ఇరుక్కుంది. "నా మీద కోపం బొంత మీద సూపించకమ్మా. పొద్దున్న అన్న మాటలు మర్సిపో. పెద్దదాన్ని, నోరు జారేను."

కండక్టరు విజిలేశాడు. అప్పుడు సోనీ రెండు చేతులా బొంతని లోపలికి లాక్కుంది. నిద్రపోతున్న సిరి మీద కప్పింది. కప్పి, మొదటిసారి అత్తగారి మొహంలోకి చూసింది.

"మీరు తినండి. పొద్దున్నుంచీ ఏం తిన్లేదు," అంది.

బస్సు మలుపు తిరిగేదాకా అప్పాయమ్మ అక్కడే నిలబడింది. ఎంత తేలికపడిందో మనసు! కోడలు తిండి తినమంది. అంటే కోపం సగం పోయినట్టే. ఆ సంబరంలో బెల్లం మార్కెట్ పక్కనుంచి ఇంటిదాకా నడిచే వచ్చింది.

*

ఇంటికొచ్చి తింది కూడా. తిన్నాక చేతులు ఊరుకోవు. మంచం కిందనుంచి రేకుపెట్టె లాగింది. సిరికి చలికాలానికి పెద్ద బొంత కుట్టి పెడదాం, వచ్చేసరికి సిద్ధంగా ఉంటుందనుకుంది. పెట్టెలో పాత చీరల అడుగున ఇంకో సంచి గుడ్డ మిగిలుంది. ఇదివరకే ఉతికి, ఎండబెట్టి, గంజి లేకుండా మడతపెట్టినది.

కిటికీలోంచి పడమటి ఎండ గచ్చు మీద పడుతోంది. ఆమె ఆ వెలుగులోనే కూర్చుని గుడ్డ పరిచి కత్తెర పెట్టింది. దళసరి గుడ్డ కరకరమని తెగింది. తెగినచోట అంచు బూడిద రంగులో ఉంది. పైన తెలుపు, లోపల బూడిద. కొబ్బరిచిప్పలా రెండు రంగులు.

ఎండ పాయలో సన్నటి ధూళి లేచింది. అంత సన్నటి ధూళి ఆమె చూడలేదు. కిందికి పడదు, పైకి పోదు. మెల్లగా తిరుగుతోంది. అందంగానే ఉంది. అప్పాయమ్మ కత్తెర పక్కన పెట్టి, కలలోలాగ ఆ వెలుగుకేసి చూస్తూ కూర్చుంది. గుడ్డని చేత్తో తట్టింది. ఇంకా లేచింది. మళ్లీ తట్టింది. మళ్లీ లేచింది. ఉతికినప్పుడు నీళ్లు తేటపడేదాకా ఉతికింది తను. చెయ్యి నొప్పెట్టేదాకా ఉతికింది. మరి ఇదెక్కడిది?

మరి మురికి ఏమయింది?

ఆ ప్రశ్నకి పొద్దున్న తనే జవాబు చెప్పింది. సంచిలో ఉండిపోయిందని చెప్పింది. నవ్వుతూ చెప్పింది.

అప్పాయమ్మ వేలు గుడ్డకి రాసి నాలిక మీద పెట్టుకుంది. పెట్టుకోకూడదని ఆమెకి తట్టేలోపే పెట్టుకుంది.

తియ్యగా ఉంది. బెల్లం తీపి కాదు. బెల్లానికి పక్కింట్లో ఉండే తీపి. వరప్రసాదరావు నోట్లో ఉండే తీపి.

ఆమె ఉమ్మేసింది. ఉమ్మేస్తూనే ఉంది. వేసవిలో బొంత ఇక్కడే, ఈ మంచం మీదే ఉండిపోయింది. పిల్ల బొంత లేకుండా మాడుగుల వెళ్లి బాగుపడింది. తిరిగొచ్చి బొంత కప్పుకుని మళ్లీ పడింది. గాలి మంచిదే. గాలిలో ఏమీ లేదు. గాలిలో ఉండాల్సిందంతా తను సూదీదారం పెట్టి, ముద్దులు పెట్టి, మనవరాలి మీద కప్పింది. ఇవాళ కిటికీ కమ్మీల్లోంచి తోసి మరీ పంపించింది.

ఏడుపు కూడా రాలేదు.

*

హనోకు వచ్చేసరికి తల్లి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. తలుపు దగ్గరగా వేసుంది.

"ఎల్లిపోయేరా?" అన్నాడు బండి దిగకుండానే.

"హనోకూ, పొగ ఎక్కడికెల్లిందిరా?"

"ఏ పొగ?"

"మీ నాన్నని తినేసిన పొగ. గొట్టంలోంచి రావట్నేదు గదా. ఎక్కడికెల్లింది?"

"సెప్పేను గదమ్మా వందసార్లు. బ్యాగుల్లోకి..."

మాట అక్కడ ఆగింది. హనోకు చెడ్డవాడు కాదు, తెలివితక్కువవాడు కూడా కాదు. రోజూ చేసే పని గురించి మనిషి ఆలోచించడు, అంతే. బండి స్టాండు వెయ్యబోయి వెయ్యలేకపోయాడు. బండి పక్కకి ఒరిగితే గోడ ఆపింది.

"ఆ సంచులు మార్చినప్పుడు మీకు మాస్కులెందుకిత్తారురా?"

"దుమ్మని..." అతని గొంతు చిన్నపిల్లాడి గొంతయిపోయింది. "నువ్వు ఉతికేసేవు గదమ్మా?"

"ఉతికేను."

"బాగా ఉతికేవు గదా?"

"ఉతికేన్రా. లోపలికి ఎల్లి సూడు. తలుపు బేగి తియ్యకు, దుమ్ము లేస్తాది."

అతను చూసొచ్చాడు. వచ్చి తల్లి కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. చేతులు తొడల మీద పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. ఆ చేతులతోనే రోజూ కూతుర్ని ఎత్తుకునేవాడు.

"బొంతేదీ?" అన్నాడు.

"మాడుగుల ఎల్లిపోయింది. పిల్లతో."

"అమ్మా!"

"నానే ఇచ్చేను. ఒద్దంటే వినకుండా ఇచ్చేను."

హనోకు లేచాడు. అటూ ఇటూ తిరిగాడు. జేబులోంచి సెల్ తీశాడు, మళ్లీ పెట్టేశాడు.

"ఫోన్ సేద్దాం. బొంతకి నల్లులు పట్టేయని సెబుదాం. కాల్చెయ్యమందాం."

"కాల్చితే మళ్లీ పొగే గదరా."

"అయితే పాతెయ్యమందాం! ఏదో ఒకటి. అసలు సంగతి ఒద్దమ్మా. పూడ్చమన్న బ్యాగులు ఇంటికి పట్టుకెల్లేనని తెలిస్తే నా ఉద్యోగం ఉంటాదేటి? సోనీ నా మొకం సూత్తాదా మళ్లీ? నల్లులని సెప్పు. నువ్వు సెపితే నమ్ముద్ది."

నమ్ముతుంది. అందుకే అప్పాయమ్మకి భయం వేసింది. నల్లులంటే సోనీ ఏం చేస్తుంది? వేడినీళ్లలో ముంచి, ఎండలో ఆరేసి, పిల్ల ఏడుస్తోందని మళ్లీ కప్పుతుంది. అత్తగారు ఇచ్చిన బొంత కదా, పొద్దున్నే సంధి కుదిరిన బొంత కదా, పారెయ్యడానికి మనసొప్పదు. డాక్టరేమో ఎక్కణ్ణించి వస్తోందో పట్టుకోమన్నాడు. తల్లికి నల్లులని చెబితే డాక్టరుకి ఏం చెబుతుంది?

"ఇంటికి తెచ్చింది నువ్వు. కుట్టింది నాను. కప్పింది నాను. పిల్లకి తిండెట్టడం రాదని దాన్ని తిట్టింది కూడా నానే," అంది అప్పాయమ్మ. "ఫోనియ్యి."

"అమ్మా, ఒక్కసారి ఆలోసించు."

"ఇయ్యరా."

నంబరు అతనే కలిపాడు. కలిపి, చేతికిచ్చి, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"అత్తమ్మా!" సోనీ గొంతు హుషారుగా ఉంది. వెనక ఎవరో నవ్వుతున్నారు, గిన్నెలు చప్పుడవుతున్నాయి. "ఇప్పుడే మీ మాటే అనుకుంటున్నాం. బొంత ఇచ్చి మంచి పని చేసేరు. దారంతా పేచీ పెట్టలేదు. మీరు తిన్నారా?"

"సోనీ. నాను సెప్పేది ఇను. మద్దిలో ఆపకమ్మా, ఆపితే మళ్లీ సెప్పలేను."

చెప్పింది. సంచుల సంగతి, గుడ్డ సంగతి, ఎండలో లేచిన ధూళి సంగతి, నాలిక మీది తీపి సంగతి. ఆమెకి పెద్ద పెద్ద మాటలు రావు. కథ చెప్పినట్టే చెప్పింది, మనవరాలికి చెప్పిన వరసలోనే. ఆకాశం మాసిపోవడం దగ్గర మొదలెట్టి, మురికి ఏమయిందో అక్కడ ఆపింది.

అవతల గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది.

తిడుతుందని ఎదురుచూసింది అప్పాయమ్మ. తిడితే బాగుండును. ఏ మాట అన్నా పడదామని సిద్ధపడి ఉంది. ఫోను చెవికి నొక్కుకుంది.

"సోనీ?"

"దాని నోట్లో ఉందత్తమ్మా," అంది సోనీ. "ఇప్పుడు. నా ఎదురుగా."

ఆ తర్వాత ఫోను ఎక్కడో కిందపడింది. పరుగు, చాప ఈడ్చిన చప్పుడు, అంతలోనే సిరి ఏడుపు. నా బొంత, మామ్మ బొంత, నా బొంత అని ఎక్కిళ్లు పెట్టి ఏడుస్తోంది. ఆ పిల్ల అంత గట్టిగా ఏడిచి ఎన్నాళ్లయిందో. ఏడుపు దూరమవుతూ దూరమవుతూ పోయి, లైను తెగింది.

అప్పాయమ్మ ఫోను కొడుకు చేతిలో పెట్టింది.

పొద్దు వాలుతోంది. గొట్టం పక్కన ఆకాశం గులాబీరంగు తిరిగింది. మసి లేదు, మరక లేదు. చల్లటి గాలి వచ్చి చెమట పట్టిన మెడకి తగిలింది. అంత మంచి గాలి. ఆమె ఆ గాలి వచ్చిన వైపు తల తిప్పింది. పక్కింటి దండెం మీద ఏదో ఊగుతోంది.

పొడి గోధుమరంగు చీరంచు, మధ్యలో ఎర్రదారంతో చేపకుట్టు. తన చేతి కుట్టు. పక్కింటి నూకరత్నం కోడలు కుమారికి ఆషాఢంలో కొడుకు పుడితే, ఉయ్యాలలో వేసిన రోజున తీసుకెళ్లి ఇచ్చిన బొంత.

అప్పాయమ్మ లేచి నిలబడింది.

"ఎక్కడికి?" హనోకు ఆమె చూపు ఎటు పోయిందో చూశాడు. చూసి అడ్డంగా వచ్చాడు. "ఒద్దు. అమ్మా, ఒద్దు. సోనీకి సెప్పేసేవు, అయిపోయింది. ఈ ఒక్కింటితో ఆగుద్దేటిది? ఎన్ని ఉయ్యాలలకి ఇచ్చేవు నువ్వు? తలెక్కడ దాసుకుంటాం?"

"నాకు గుర్తున్నాయి. అన్నీ గుర్తున్నాయి," అంది అప్పాయమ్మ. ఆమెకి నిజంగానే అన్నీ గుర్తున్నాయి. ఏ ఇంటికి ఏ చీర పెట్టి కుట్టిందో, ఏ పిల్లకి ఏ రంగు దారం వేసిందో.

కొడుకు భుజం మీద చెయ్యి వేసి పక్కకి జరిపింది. అతను జరిగాడు.

పక్కింటి అరుగు మీద నూకరత్నం కాళ్లు చాపుకుని కూర్చుని, మనవణ్ణి ఒళ్లో వేసుకుని జోకొడుతోంది. కోడలు దండెం మీంచి తీసిచ్చిన బొంతని, ఎండ వాసన వస్తోందని ముక్కుకి ఆనించుకుని, పిల్లాడి మీద కప్పబోతోంది. అప్పాయమ్మని చూసి మొహం విప్పార్చుకుంది.

"రా వదినా, రా. గాలి ఎంత బాగుందో సూసేవా ఈ పూట!"

అప్పాయమ్మ గేటు గొళ్లెం తీసింది.